మెటల్ డిటెక్టరుకు మట్టి పెట్టే చిక్కు

చర్ల నుంచి అడవి వైపు వెళ్ళే దారిలో ఒక కల్వర్టు వుంది. ఆ రోజు మా బస్సు దానికి కాస్త ఇవతలే ఆగిపోయింది. పోలీసులు దారి తనిఖీ చేస్తున్నారు. సైన్సు ప్రదర్శనకు నాతో వస్తున్న పిల్లలు ఆరుగురూ కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూస్తున్నారు. ఎదురుగా ఒక జవాను చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, పొడవాటి కర్ర చివర పళ్ళెంలాంటిది వున్న యంత్రం పట్టుకుని, దాన్ని నేల మీద కుడికీ ఎడమకీ తిప్పుతూ అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తున్నాడు. మెటల్ డిటెక్టరు. భద్రాచలంలో శ్రీరామనవమి రోజుల్లో గుమ్మంలాంటి మెటల్ డిటెక్టర్లలోంచి మీలో చాలామంది నడిచే వుంటారు. ఇది దాని తమ్ముడు.

కల్వర్టు దగ్గరకు రాగానే అతను ఆగాడు. పళ్ళేన్ని కుడి ఎడమలకు తిప్పడం మానేసి, ఒకే చోట పైకీ కిందికీ నాలుగైదుసార్లు ఆడించాడు. పిడి దగ్గర ఏదో సర్దాడు. మళ్ళీ ఆడించాడు. అప్పుడుగానీ ముందుకు కదల్లేదు.

“సార్, మట్టికి హారతి ఇస్తున్నాడా?” అన్నాడొకడు. అందరూ నవ్వారు. తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి మాత్రం నవ్వలేదు. “మట్టి మారింది సార్. ఇంతవరకూ ఎర్రమట్టి, కల్వర్టు దగ్గర వేరే మట్టి తెచ్చి పోశారు. అందుకే ఆగాడు” అంది.

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. కాని మట్టి మారితే యంత్రాన్ని ఎందుకు సర్దుకోవాలి? ఆ రోజు నా దగ్గర సగం జవాబే వుంది. మిగతా సగం రెండు నెలల తరవాత మా బడి వెనక, మధ్యాహ్న భోజనం వండే పొయ్యి దగ్గర దొరికింది. ముందు సగం ముందు చెబుతాను.

మెటల్ డిటెక్టరు పళ్ళెంలో వుండేది రాగి తీగచుట్ట. దానిలోకి అటూ ఇటూ మారే విద్యుత్తును పంపుతారు. సెకనుకు కొన్ని వేలసార్లు, కొన్ని యంత్రాల్లో పదుల వేలసార్లు దాని దిశ మారుతుంది. దాంతో తీగచుట్ట చుట్టూ వున్న అయస్కాంత క్షేత్రం కూడా అదే వేగంతో పెరుగుతూ తరుగుతూ వుంటుంది. మారుతున్న అయస్కాంత క్షేత్రంలో లోహం వుంటే దానిలో విద్యుత్తు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టాడని మీరు పాఠంలో చదివారు. నేలలో వున్న నాణెంలోనూ అదే జరుగుతుంది. గోదావరిలో సుడిగుండాల్లాగా నాణెంలో విద్యుత్తు గుండ్రంగా తిరుగుతుంది. వీటిని సుడి ప్రవాహాలంటారు. ఈ సుడి ప్రవాహాలు తమ వంతుగా ఒక చిన్న అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తాయి. దాన్ని పట్టుకోవడానికి పళ్ళెంలో రెండో తీగచుట్ట వుంటుంది. అది పట్టుకున్నదే హెడ్‌ఫోనులో ‘కుయ్’ మంటుంది.

ఆ చిన్న క్షేత్రం ఎంత చిన్నదో ఒక లెక్క చేస్తే తెలుస్తుంది. తీగచుట్ట నుంచి తగినంత దూరం పోయాక, దూరం రెట్టింపయితే క్షేత్రం బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. నాణెం దాకా చేరేటప్పుడు ఎనిమిదో వంతు. నాణెం ఇచ్చే జవాబు తిరిగి పైకి వచ్చేటప్పుడు మళ్ళీ ఎనిమిదో వంతు. ఎనిమిదిని ఎనిమిదితో గుణించండి. అరవై నాలుగు! జానెడు లోతున వున్న నాణెం కన్నా రెండు జానల లోతున వున్న నాణెం పంపే జవాబు సుమారు అరవై నాలుగో వంతే. అంత సన్నటి గొంతును వినాలి. చుట్టూ నిశ్శబ్దంగా వుంటే వినవచ్చు. కాని చుట్టూ నిశ్శబ్దంగా వుండనివ్వని వాళ్ళొకరున్నారు. మొట్టమొదట దెబ్బతిన్నవాడు చిన్నవాడేమీ కాదు, టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహంబెల్.

1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్‌ను ఒకడు తుపాకీతో కాల్చాడు. ఒక గుండు శరీరంలోనే వుండిపోయింది. అది ఎక్కడుందో వైద్యులకు తెలియలేదు. ఎక్స్ కిరణాలను అప్పటికింకా కనిపెట్టలేదు. అవి 1895లో వచ్చాయి. బెల్ హడావుడిగా తీగచుట్టలతో ఒక యంత్రం తయారుచేశాడు. పాత యుద్ధంలో గుండు తగిలి, అది ఒంట్లోనే వుండిపోయిన మాజీ సైనికుల మీద పెట్టి చూశాడు. పనిచేసింది. కాని అధ్యక్షుడి మంచం దగ్గరకు తీసుకువెళ్ళి పెడితే ఎక్కడ పెట్టినా ఒకటే గొణుగుడు! తరవాత తెలిసింది, పరుపు కింద ఉక్కు తీగలతో చేసిన మరో పరుపు వుందని. దానికి తోడు, గుండు కుడివైపే వుందని గట్టిగా నమ్మిన వైద్యుడు ఆ వైపే వెతకనిచ్చాడు. సెప్టెంబరు 19న గార్‌ఫీల్డ్ మరణించాడు. గుండు ఎడమవైపు దొరికింది.

నన్నడిగితే బెల్ యంత్రంలో పెద్ద లోపం లేదు. యంత్రం చెప్పిన మాటలో గుండు ఎంత, మంచం ఎంత అని విడదీసే దారే అతనికి లేకపోయింది. మనకు ఆ మంచం స్థానంలో వున్నది నేల.

రెండో ప్రపంచయుద్ధంలో, 1941లో, పోలండ్ సైనికాధికారి జోజెఫ్ కొసాట్‌స్కీ ఒక మనిషి చేత్తో పట్టుకుని నడవగలిగే మందుపాతరల డిటెక్టరు తయారుచేశాడు. 1942లో ఈజిప్టులోని ఎల్ అలమీన్ యుద్ధానికి అలాంటివి సుమారు 500 పంపారు. ఇప్పుడు మన దారుల మీద కనిపించేవి దాని మనుమలూ మునిమనుమలూ. పొడి ఇసుక, తెల్లటి స్ఫటికపు ఇసుక అయితే డిటెక్టరును పెద్దగా ఇబ్బంది పెట్టదు. మన నేల అలాంటిది కాదు.

ఇక పొయ్యి కథ.

ప్రదర్శన నుంచి వచ్చాక పిల్లలు నన్ను వదల్లేదు. పాత ట్రాన్సిస్టరు రేడియో భాగాలతో, ప్లాస్టిక్ పళ్ళేనికి చుట్టిన రాగితీగతో ఒక చిన్న డిటెక్టరు కట్టాం. బల్ల మీద టిఫిన్ డబ్బా మూత పెడితే, పళ్ళెం జానెడు దూరంలో వుండగానే దాని శబ్దం మారేది. ఇక దాన్ని పట్టుకుని బడి ఆవరణలో ఊరేగింపు మొదలైంది. నేను ముందుగానే పెద్దరికంగా చెప్పాను: “గేటు దగ్గర వున్నది ఎర్రమట్టి. ఎరుపు ఇనుము వల్ల వచ్చిన రంగు. కాబట్టి అక్కడ యంత్రం గోల చేస్తుంది, చూడండి.”

గేటు దగ్గర యంత్రం దాదాపు మాట్లాడలేదు. వెనకవైపు, పాత పొయ్యి వుండే చోట మాత్రం కేకలు పెట్టింది. అక్కడ గరిటో చెంచానో పూడిపోయి వుంటుందనుకున్నాం. వంట చేసే అమ్మను అడిగి తవ్వాం. అది బడి వంటిల్లు కాబట్టే తవ్వాం, ఆ సంగతి గుర్తుంచుకోండి. గరిటె లేదు, చెంచా లేదు, మేకు కూడా లేదు. బొగ్గుపొడి కలిసిన బూడిదరంగు మట్టి. ఆ మట్టిని ప్లాస్టిక్ చేటలోకి ఎత్తి, దూరంగా తీసుకువెళ్ళి పళ్ళేన్ని దగ్గర పెడితే చేటలోంచి కూడా అదే కేక! అంటే మాట్లాడింది మట్టే.

నేను చెప్పింది తప్పయింది. తప్పెక్కడుందో చూద్దాం.

ఇనుము మట్టిలో ఒకే రూపంలో వుండదు. ఎర్రమట్టికి రంగునిచ్చేది హెమటైట్ అనే ఆక్సైడు. మాకు ఈశాన్యంగా ఛత్తీస్‌గఢ్‌లో వున్న బైలదిల్లా కొండల్లో, 1968 నుంచి ఎన్.ఎం.డి.సి. తవ్వుతున్న ఖనిజం ప్రధానంగా ఇదే. హెమటైట్‌లో ఇనుము దండిగా వున్నా అయస్కాంతం దాన్ని పెద్దగా పట్టించుకోదు. మాగ్నటైట్ అనే నల్లటి ఆక్సైడు దానికి పూర్తిగా వేరు. దాని అయస్కాంత గుణం హెమటైట్ కన్నా వందల రెట్లు ఎక్కువ. గోదావరి ఇసుకలో అక్కడక్కడా నల్లటి చారలు చూశారు కదా? నది పుట్టిన మహారాష్ట్రలో వున్న నల్లరాతి పీఠభూమి అరిగి కొట్టుకువచ్చిన బరువైన ఖనిజాల రేణువులు అందులో వుంటాయి. మాగ్నటైట్ వాటిలో ఒకటి. మూడోది మాగెమైట్. మాగ్నటైట్ పేరులోని మొదటి ముక్కనూ హెమటైట్ పేరులోని ముక్కనూ అతికించి పెట్టిన పేరు అది. దీని స్వభావం కూడా అతికించినట్టే వుంటుంది: రసాయనికంగా హెమటైట్, గుణంలో మాగ్నటైట్‌కు చుట్టం. కాబట్టి రంగు చూసి నేలను నమ్మకూడదు. ఎర్రగా వున్నంత మాత్రాన గోల చేయదు, బూడిదరంగులో వున్నంత మాత్రాన నోరుమూసుకోదు.

మరి పొయ్యి కింద ఇదంతా ఎలా చేరింది? ఎక్కడినుంచో రాలేదు. అక్కడే తయారయింది. కట్టె మండేటప్పుడు పొయ్యి అడుగున గాలి సరిగా ఆడదు. బొగ్గు, ఆకు, చెత్త సగంగా కాలి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. అది వేడి మట్టిలోని హెమటైట్ నుంచి ఆక్సిజన్ లాక్కుంటుంది. మూడు అణువుల హెమటైట్, ఒక అణువు కార్బన్ మోనాక్సైడ్ కలిసి రెండు అణువుల మాగ్నటైట్‌గా, ఒక అణువు కార్బన్ డయాక్సైడ్‌గా మారతాయి. పరమాణువులు లెక్కపెట్టి చూడండి, సరిపోతుంది. మంట ఆరి, చల్లారేటప్పుడు గాలి తగిలి ఆ మాగ్నటైట్‌లో కొంత మాగెమైట్ అవుతుంది. నిప్పు తగిలిన పైమట్టికి అయస్కాంత గుణం పెరుగుతుందని 1955లో లె బోర్న్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వివరించాడు. వేల ఏళ్ళ కిందటి పొయ్యిలనూ కుండల ఆవాలనూ పురావస్తు శాస్త్రజ్ఞులు తవ్వకుండానే కనిపెట్టగలగడం కూడా ఈ గుణం వల్లనే.

పొయ్యి ఒక గజం నేల. పోడు ఎంత నేల? మా కొండల్లో తరతరాలుగా చెట్లు కొట్టి, ఆరబెట్టి, తగలబెట్టి ఆ నేలలో విత్తారు. ఆకు రాలే అడవుల్లో వేసవి మంటలు సరేసరి. అన్నీ ఒకేలా కాలవు. మోడు నిలబడి రాత్రంతా కాలిన చోట ఒకలా, ఎండుగడ్డి భగ్గుమని ఆరిపోయిన చోట ఒకలా. అందువల్ల ఒకే చేలో పది అడుగులకు ఒక రకం మట్టి. ఆ మట్టి మీద దారి వేస్తే, దారి మీద వేరే చోటి నుంచి మొరం తెచ్చి పోస్తే, కల్వర్టు దగ్గర మరో రకం కంకర వేస్తే ఆ జవాను ఎన్నిసార్లు ఆగాలో లెక్కపెట్టండి.

అతను పైకీ కిందికీ ఎందుకు ఆడించాడో ఇప్పుడు అర్థమవుతుంది. పళ్ళేన్ని నేలకు దగ్గరగా తెస్తే మట్టి జవాబు పెరుగుతుంది, దూరం చేస్తే తగ్గుతుంది. కింద లోహం లేదని తెలిసిన చోట అలా ఆడిస్తూ, ఎత్తు మారినా శబ్దం మారకుండా వుండేదాకా యంత్రాన్ని సర్దుతారు. దీన్నే గ్రౌండ్ బాలెన్స్ అంటారు. తక్కెడలో ఖాళీ గిన్నె పెట్టి రెండో వైపు పాసంగం వేసి ముల్లు సరిచేసినట్టు. ఆ తరవాత ముల్లు కదిలితే అది సరుకు బరువే. కొన్ని యంత్రాల్లో మనిషి మర తిప్పి సరిచేస్తాడు, కొన్ని తమంతట తామే సరిచేసుకుంటాయి.

యంత్రం లోపల ఈ పాసంగం ఎలా వేస్తారు? ఇక్కడ కోలాటం గుర్తు తెచ్చుకోండి. గురువు కోల వేయగానే సరిగ్గా ఆ క్షణానికే కోల వేసేవాళ్ళు కొందరు, పిసరు వెనకబడి వేసేవాళ్ళు కొందరు. మాగ్నటైట్ పెద్ద రేణువులు మొదటి జట్టు. క్షేత్రం పెరిగితే వెంటనే పెరుగుతాయి, తగ్గితే వెంటనే తగ్గుతాయి. లోహంలో సుడి ప్రవాహాలు మొదలవడానికీ ఆగడానికీ కాస్త సమయం పడుతుంది. అవి రెండో జట్టు. “గురువుతో సమంగా పడిన కోలలను లెక్కచేయకు, ఆలస్యంగా పడిన వాటినే విను” అని యంత్రానికి నేర్పితే సరి, మట్టి నోరు మూసుకుంటుంది.

అంతటితో అయిపోతే ఎంత బాగుండేది! కాని కాలిన మట్టిలో వుండే మాగెమైట్ రేణువులు కొన్ని మరీ సూక్ష్మం. మిల్లీమీటరులో లక్షో వంతు, రెండు లక్షల వంతుల కొలతలో వుంటాయి. అవి క్షేత్రంతో తక్షణం మారవు. కొన్ని వెంటనే, కొన్ని మెల్లగా, కొన్ని ఇంకా మెల్లగా మారతాయి. అంటే మట్టి కూడా రెండో జట్టులో చేరి ఆలస్యంగా కోల వేస్తుందన్నమాట. మా పొయ్యి మట్టి లాంటివన్నీ ఈ బాపతే.

దీనికి విరుగుడును ఒక చిన్న లెక్కతో చూపిస్తాను. కాగితం తీసుకోండి. కొన్ని డిటెక్టర్లు విద్యుత్తును ఆపకుండా పంపవు. గుడిగంటను కొట్టినట్టు ఒక దెబ్బ కొట్టి, ఆగి వింటాయి. కట్టెను కొడితే టక్కున ఆగిపోతుంది, గంటను కొడితే కాసేపు మోగుతుంది. లోహం గంట. కాని కాలిన మట్టి కూడా కాసేపు మోగుతుంది కదా, దాని మోత ఎలా తగ్గుతుందో చూడండి: సమయం రెట్టింపయితే మోత సగమవుతుంది. దెబ్బ కొట్టిన 10 మైక్రోసెకండ్లకు, అంటే సెకనులో లక్షో వంతుకు, మట్టి మోత 100 అనుకుందాం. 20 మైక్రోసెకండ్లకు 50 వుంటుంది. ఇప్పుడు రెండో కొలతను రెట్టింపు చేసి మొదటి దానిలోంచి తీసివేయండి. 100 లోంచి 100 పోతే సున్నా. మట్టి మాయమైంది!

అదే లెక్క లోహానికి వేద్దాం. పలచని చిన్న రేకు ముక్క మోత త్వరగా తగ్గుతుంది. మొదటి కొలత 100, రెండోది 25 అనుకోండి. రెట్టింపు చేస్తే 50, తీసివేస్తే 50 మిగిలింది. రేకు దొరికింది. పెద్ద ఇత్తడి చెంబు మోత నెమ్మదిగా తగ్గుతుంది. 100, తరవాత 80. రెట్టింపు 160, తీసివేస్తే 60కి రుణగుర్తు. రుణమైనా ధనమైనా సున్నా కాదు కాబట్టి చెంబూ దొరికింది; యంత్రం ఒకదానికి సన్నగా, ఒకదానికి బొంగురుగా మోగుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ రెండు కొలతలు 100, 50 వుండే లోహపు ముక్క ఎదురైతే?

తీసివేయండి. సున్నా. మట్టితోపాటు అదీ మాయమైంది. మట్టి మోసం చేసిందా? లేదు, మన తీసివేతే దాన్ని మింగేసింది. నేల గోలను వదిలించుకున్న ప్రతిసారీ ఏదో ఒక లోహపు గొంతు కూడా దానితోపాటు పోయే ప్రమాదం వుంటుంది. అందుకే మంచి యంత్రాలు రెండు కొలతలతో సరిపెట్టుకోవు. వేరువేరు సమయాల్లో, లేదా వేరువేరు కంపనాలతో ఎన్నో కొలతలు తీసుకుని పోలుస్తాయి. ఒక తీసివేతలో సున్నా అయినది మరో తీసివేతలో బయటపడుతుంది. అయినా తనిఖీ మొదలుపెట్టే ముందు, అదే మట్టిలో ఒక తెలిసిన లోహపు ముక్కను కొలిచిన లోతులో పెట్టి, సర్దుబాటు చేసిన యంత్రం దాన్ని వింటోందో లేదో పరీక్షిస్తారు. నిశ్శబ్దం వచ్చిందని సంతోషించి నడిచేస్తే ఆ నిశ్శబ్దం నేలదో చెవుడుదో తెలియదు.

యంత్రం మీద వుండే మరో సర్దుబాటు సెన్సిటివిటీ. పిల్లలందరూ దాన్ని చివరికంటా తిప్పేయాలనే అంటారు. రేడియో సరిగా వినబడకపోతే శబ్దం పెంచినట్టు. శబ్దం పెంచితే పాటతోపాటు గరగర కూడా పెరుగుతుంది కదా? గోల చేసే నేల మీద కొంచెం తగ్గించుకుని, నెమ్మదిగా నడిచి, పళ్ళేన్ని ఒకే ఎత్తులో తిప్పితేనే ఎక్కువ లాభం. చిన్న పళ్ళెం ఒకేసారి తక్కువ మట్టిని వింటుంది కాబట్టి గోల కూడా తక్కువ. దానికి బదులు లోతు వదులుకోవాలి.

డిస్క్రిమినేషన్ అని మూడోది వుంది. ఇనుప మేకులకు మోగవద్దు, నాణేలకే మోగు అని చెప్పే సర్దుబాటు. సరదాకు నాణేలు వెతికే విదేశీయులకు అది చాలా ఇష్టం. బాంబులు తీసేవాళ్ళు దాని జోలికి పోరు. ఏ శబ్దాన్నీ ‘ఇది మేకులే’ అని వదలడానికి వీల్లేదు వాళ్ళకు. వంద శబ్దాల్లో తొంభైతొమ్మిది మేకులూ సీసా మూతలే అయినా నూరింటినీ ఒకే జాగ్రత్తతో చూడాలి. వాళ్ళ పని అంత మెల్లగా సాగడానికి కారణం భయం కాదు, ఈ లెక్క.

ఈ మధ్య గుప్తనిధులు చూపించే యంత్రమంటూ, బంగారాన్ని మాత్రమే పట్టే యంత్రమంటూ కొందరు ఊళ్ళలో తిరుగుతున్నారు. బంగారపు ఉంగరమూ, మడతపెట్టిన అల్యూమినియం రేకూ ఒకే ఆలస్యంతో జవాబివ్వవచ్చు. నేలలోకి చూడకుండా ‘ఇది బంగారమే’ అని ఒట్టు పెట్టి చెప్పగల డిటెక్టరు లేదు. పైగా 1878 నాటి చట్టం ప్రకారం, నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. ఆ యంత్రం అమ్మేవాడు ఈ రెండు సంగతులూ చెప్పడు.

మా పిల్లలకు ఇదంతా ఎందుకు ఇంత దగ్గరి విషయమో దూరపు జిల్లాల పిల్లలకు చెప్పాలి. మాకు వాయవ్యంగా, వెంకటాపురం వైపు, కర్రెగుట్టలున్నాయి. 2025 ఏప్రిల్, మే నెలల్లో అక్కడ భద్రతా దళాలు జరిపిన గాలింపులో వందల సంఖ్యలో మందుపాతరలు దొరికాయి. ఈ సరిహద్దు అడవుల్లో వంటచెరకు కోసం, వెదురు కోసం వెళ్ళిన మామూలు మనుషులు కూడా ప్రెషర్ బాంబుల మీద కాలు పడి చనిపోయారు, కాళ్ళు పోగొట్టుకున్నారు. పాతిపెట్టినవాడు వెళ్ళిపోయినా పాతిపెట్టింది అక్కడే వుంటుంది. అందుకని మా క్లాసులో డిటెక్టరు పాఠం చెప్పేటప్పుడు ఒక నియమం పెట్టాను: మా బొమ్మ యంత్రం బడి గోడ దాటదు. అడవిలో, దారి పక్కన తెలియని తీగ, డబ్బా, కుక్కరు, కొత్తగా తవ్వి పూడ్చిన గుర్తు కనబడితే ముట్టుకోకూడదు, రాయి విసరకూడదు, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వచ్చి పెద్దవాళ్ళకు చెప్పాలి. వెతకడం శిక్షణ పొందినవాళ్ళ పని.

నీటి సంగతి నాలుగు మాటల్లో చెబుతాను. మంచినీటితో తడిసిన నేల అంతగా బాధించదు. నీళ్ళలో లవణాలు కరిగితే ఆ తడే విద్యుత్తును ప్రవహింపజేసి, పలచని రేకులాగా త్వరగా ఆరిపోయే జవాబిస్తుంది. ఆ గోలను తీసివేస్తే చిన్న చిన్న రేకులు కూడా తీసివేతలో పోతాయి. సముద్రతీరంలో ఇది బాగా తెలుస్తుంది. భీమునిపట్నం తీరంలోలాగా ఉప్పునీటికి నల్ల ఇసుక కూడా తోడైతే ఒకదానికి సరిచేసిన యంత్రం రెండోదానికి చెడుతుంది. మాకు సముద్రం లేదు గాని గోదావరి వుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నది 71 అడుగులు దాటినప్పుడు ఒడ్డు పొలాల్లో కొత్త ఒండ్రు మేట వేసింది. అలాంటి మేట కింద పాత నేల లోతుకు పోతుంది. ఇంతకుముందు చేసిన అరవై నాలుగో వంతు లెక్క ఇక్కడ గుర్తు చేసుకోండి. వరద తరవాత పాత సర్దుబాటు పనికిరాదు, పాత పటం కూడా పనికిరాదు.

యంత్రం లేకపోయినా మీ ఊరి నేల ఎంత గోల చేస్తుందో మీరు కనుక్కోవచ్చు. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం ఒకటి, పలచని ప్లాస్టిక్ సంచి ఒకటి చాలు. ఇంటి పెరట్లో, పొయ్యి కింద, చెరువు గట్టున, ఏటి ఇసుకలో తలా ఒక గ్లాసు మట్టి తీసుకోండి. ఎండబెట్టి, నలిపి, జల్లించండి. అయస్కాంతాన్ని సంచిలో పెట్టి ఒక్కో మట్టిలో ఇరవైసార్లు తిప్పండి. సంచికి అంటుకున్నదాన్ని తెల్లకాగితం మీదికి తెచ్చి, సంచిలోంచి అయస్కాంతాన్ని వెనక్కి లాగండి. అంటుకున్నదంతా కాగితం మీద రాలుతుంది. సంచి లేకుండా చేశారో, ఆ పొడిని అయస్కాంతం నుంచి వదిలించడానికి సాయంత్రమవుతుంది; నాకు అనుభవమే. అన్ని కుప్పలనూ పక్కపక్కన పెట్టి పోల్చండి.

మా తరగతిలో గేటు దగ్గరి ఎర్రమట్టికి వచ్చింది ఆవగింజంత. దానికి పది గజాల దూరంలో అదే ఎర్రమట్టి మీద పెట్టిన పొయ్యి కింది మట్టికి వచ్చింది చింతగింజంత. గోదావరి నల్ల చారల ఇసుకకు కాగితం పట్టలేదు.

మట్టి మారిందని బస్సులో చెప్పిన ఆ అమ్మాయే ఈ కుప్పలు చూసి ఇంకో ప్రశ్న వేసింది. “ఇటుక కూడా కాలిన మట్టే కదా సార్? మరి ఇటుకముక్కలు పోసిన దారి మీద యంత్రం ఏం చేస్తుంది?” బట్టీలో ఒకే ఆవంలో కొన్ని ఇటుకలు ఎర్రగా, గాలి అందని చోట కొన్ని నల్లగా కాలతాయి. రెండు రకాలూ వేరువేరుగా పొడిచేసి తెమ్మన్నాను. బట్టీవాళ్ళు నల్ల ఇటుక ఇవ్వడానికి ఒప్పుకున్నారట, సోమవారం తెస్తానంది.